కర్పూరం కావాలాండీ

ఎర్రగా ఉంది. ఆయన మోచేతి మడతలో సూది గుచ్చిన చోట, తెల్ల ప్లాస్టరు కింద, చర్మం లోపలినుంచి ఎర్రగా వెలుగుతోంది. కరెంటు పోయినప్పుడు బేబి టార్చిలైటు అరచేతికి ఆనించుకుని, "అమ్మా, నా చెయ్యి చూడు, దానిమ్మపండు" అనేది, అచ్చం ఆ రంగే. గుర్తు రాకూడదనుకున్నవే ముందు గుర్తొస్తాయి. మంచం పక్క బల్ల మీద మిషను సన్నగా ఝుమ్మంటోంది, దాని కింద ఇంకో పెట్టె, స్టెబిలైజరట, మధ్యమధ్య టక్కుమంటోంది, అది టక్కుమన్నప్పుడల్లా కరెంటు పోతుందేమోనని నా ప్రాణం పోతోంది. మిషనులోంచి గాజుదారం ఒకటి, వెంట్రుక కంటే కాస్త లావు, వచ్చి ఆయన నరంలోకి దూరింది. దాని కొసన వెలుగు. మందు కాదు, సెలైను కాదు, ఉత్త వెలుగు. డాక్టరు బంగార్రాజు గారు ఇందాక దాన్ని లోపలికి పంపి, "ఇదే ఆఖరుదండి జగదాంబ గారూ, ఇంతకంటే ఇవ్వకూడదు. మీరు ఆయనతో మాట్లాడుతూ ఉండండి" అని చెప్పి వెళ్ళారు. ఏం మాట్లాడను. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో మాటలన్నీ నావే. ఆయన మాటలు కొట్టు దగ్గర ఖర్చయిపోయి, ఇంటికొచ్చేసరికి ఊఁ అనీ ఆఁ అనీ చిల్లర మిగిలేది.

లేజరు అనాలట దీన్ని. మా ఆడపడుచు అమ్మణ్ణికి ఇప్పటికీ నోరు తిరగదు, "ఎర్రదీపం పెట్టారా వదినా" అని అడుగుతుంది. డాక్టరు గారు మండపేటలో కమ్యూనిస్టుల ఇంటి పిల్లవాడు, రష్యా వెళ్ళి చదువుకొచ్చారు, ఈ మిషను కూడా అక్కణ్ణించే తెచ్చుకున్నారు, దాని మీద అక్షరాలు కొన్ని మన ఇంగ్లీషువాటిని అద్దంలో చూసినట్టుంటాయి. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "రాయి తీసేశామండి, పైత్యరసానికి దారి దొరికింది, పచ్చదనం దిగుతోంది. కానీ అన్నాళ్ళు ఆ విషం రక్తంలో తిరిగి తిరిగి మెదడుకి మసక పట్టింది. నరంలో ఈ వెలుగు పెడితే రక్తం చురుగ్గా తిరిగి మెదడుకి ఊపిరి అందుతుందని అక్కడివాళ్ళు రాశారు. నేనూ ప్రయత్నిస్తున్నాను. పనిచేస్తుందని మాత్రం ఒట్టు పెట్టలేనండి." ఒట్టు పెట్టలేనన్నాడు కాబట్టే నమ్మాను ఆ పిల్లవాణ్ణి. కామెర్లకని పసరు పోసిన మా ఊరి అప్పాజీ అయితే భీమేశ్వరుడి మీదా మాణిక్యాంబ మీదా కూడా ఒట్టు పెట్టాడు.

కిటికీలోంచి గోదావరి కనపడదు గానీ వాసన వస్తుంది, రైలు వంతెన ఎక్కితే చప్పుడు తెలుస్తుంది. ఇప్పుడెక్కింది. మధ్యాహ్నం ప్యాసింజరు కాబోలు. ఆయన కూడా విన్నట్టున్నారు, తల కొంచెం పక్కకి తిప్పారు. ఎడమ పక్కకి. నేను కుడి పక్కనున్నాను. ఎడమ పక్కన బేబి ఉంది.

ఉందంటే ఆయనకి ఉంది. ఆయన ఇప్పుడు రాజమండ్రిలో ఈ నర్సింగుహోములో లేరు. ద్రాక్షారామంలో గుడికెళ్ళే దారిలో మా పసుపు కుంకుమ కొట్టు అరుగు మీద ఉన్నారు. కార్తికమాసం, సోమవారం, రద్దీ. ఎడమ పక్కన చాప మీద బేబి కూర్చుని పసుపు పొట్లాలు కడుతోంది. ఆయన తల వంచుకుని తూచి ఇస్తున్నారు. ఇదంతా నేను కల్పించింది కాదు, మెలకువగా ఉన్నంతసేపూ ఆయన చెయ్యి తక్కెడ పట్టుకున్నట్టు గాల్లో తూగుతూనే ఉంటుంది, సూది ఊడిపోతుందని నర్సు సత్యకుమారి ఆ చేతిని బద్దకి కట్టేసింది. చెయ్యి కట్టేసినా వేళ్ళు ఊరుకోవు. పసుపు చిటికెడు ఎక్కువ వేస్తున్నాయి, ఎప్పట్లాగే. చిటికెడు కొసరు వెయ్యనిదే పొట్లం ఇవ్వరు, పసుపు బొటాబొటిగా ఇస్తే ఇంటికి అరిష్టమని మా మామగారు నేర్పారట. మామగారు ఇంకోటి కూడా నేర్పారు. పసుపు అమ్మేవాడి కళ్ళు నేల మీద ఉండాలని. అంచేత ఈయన ఏ ఆడదాని మొహం కేసీ చూడరు. అరుగు మీద తల వంచుకు కూర్చుంటే వీధిలో నిలబడ్డవాళ్ళ పాదాలే కనిపిస్తాయి, ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పాదాలతోనే గుర్తుపడతారు. పెళ్ళయిన కొత్తలో నేను వెళ్ళి ఉలక్కుండా పలక్కుండా నిలబడితే, తల ఎత్తకుండానే, "ఎండనపడి ఎందుకొచ్చావు జగదా" అన్నారు. ఎలా తెలిసిందంటే, నీ చిటికినవేలు పక్కదాని మీదకెక్కి కూర్చుంటుంది, నీలాగే దానికీ పెత్తనం ఎక్కువ అన్నారు. అదొక్కటే అనుకుంటా ఆయన నా జీవితంలో ఆడిన సరసం.

పసుపు రాసుకున్న పాదాలొస్తే, "తీసుకోండమ్మా, కొత్త కొమ్ములు కొట్టించామండి" అంటారు. పసుపు లేని పాదాలొస్తే పసుపు మాటే ఎత్తరు. అక్కడున్న కుంకుమ పళ్ళెం కూడా మెల్లిగా వెనక్కి జరిపి, గొంతు తగ్గించి, "కర్పూరం కావాలాండీ" అని అడుగుతారు. భర్త పోయినావిడ ముందు పసుపు పేరెత్తి మనసు కష్టపెట్టకూడదని. ఆ గొంతు నాకు బాగా తెలుసు. అంత మెత్తని గొంతు ఆయనకి ఉందని ముక్కూ మొహం తెలియని ముసలమ్మలందరికీ తెలుసు, నాకే ఇంట్లో వినపడదని దెప్పేదాన్ని. కర్పూరం గొంతు అని పేరు కూడా పెట్టాను. ఆ గొంతు ఒక్కసారి నాతో మాట్లాడకూడదా అనుకునేదాన్ని. కోరికలు కూడా చూసి కోరుకోవాలి.

పసుపు కొట్టాయనకి కామెర్లొస్తే ఎవరు కనిపెడతారు. ఆయన గోళ్ళు పచ్చన, అరచేతి గీతలు పచ్చన, పంచె అంచు పచ్చన, పక్క మీద దిండు గలీబు ఎన్ని ఉతుకులు ఉతికినా పచ్చన. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, మా లోకం మొదటినుంచీ పచ్చదే. కళ్ళు పచ్చబడితే పసుపు దుమ్ము పడిందన్నారు. ఒళ్ళంతా దురదలు పుడితే పసుపు గుండ పడక దురదలన్నారు. ఊళ్ళోవాళ్ళు నవ్వారు కూడా, శెట్టిగారు సరుకంతా ఒంటికే రాసుకుంటున్నారని. ఆయనా నవ్వారు. దసరాలకి తలంటు పోసి నలుగు పెట్టి రుద్దుతున్నాను, రుద్దుతున్నకొద్దీ పిండి తెల్లగా రాలుతోంది, ఒళ్ళు పచ్చగానే ఉంది. అప్పుడాగింది నా చెయ్యి. అప్పటికి లోపల ఎన్నాళ్ళనుంచి రాయి దారికి అడ్డంగా కూర్చుందో. కామెర్లంటే మా వైపు ఇంకేముంది, పసరే. అప్పాజీ వచ్చి పరగడుపున పోశాడు, మండలం రోజులు పథ్యం చెప్పాడు. ఇంట్లో పోపు వాసన రాకూడదు. పచ్చరంగు రోగి కంట పడకూడదు, పడితే లోపలి పచ్చదనం దాన్ని చూసి దిగనంటుంది. పచ్చచీర కట్టకూడదు, బంగారం కనపడకూడదు, ఇంటి ఇల్లాలు పసుపు రాసుకోకూడదు. సూత్రాలు రవికలోకి తోసుకున్నాను, గాజులు తీసి ఎర్రమట్టిగాజులు వేసుకున్నాను, పసుపు మానేశాను. పసుపు కొట్టువాడి పెళ్ళానికి పసుపు పథ్యం, నవ్వొచ్చింది అప్పుడు. పసరు మంచిదే, ఊళ్ళో ఎంతమందికి తగ్గలేదు. కానీ అది కాలేయం జబ్బుకట, దారి మూసుకుపోయినవాళ్ళకి కాదట, ఆ తేడా అప్పాజీకి తెలియదు, మాకు అసలే తెలియదు. ఆయన వాంతులు చేసుకుని పడిపోతే ట్యాక్సీ కట్టించుకుని ఇక్కడికొచ్చాం. పొట్ట కోసి రాయి తీశారు. ఇక పథ్యం అక్కర్లేదమ్మా అన్నారు డాక్టరు గారు. అమ్మణ్ణి మాత్రం, "మండలం నిండనీ వదినా, ఇన్నాళ్ళు ఉన్నాం, ఇంకొన్నాళ్ళలో ఏం పోతుంది" అంది. నిజమే కదా, ఏం పోతుంది.

ఆపరేషనయ్యాక ఆయన కళ్ళు తెరిచినరోజు నన్ను లోపలికి పంపుతూ సత్యకుమారి చెప్పులు విప్పించి, తెల్లగౌను తొడిగించి, తలకి ఆస్పత్రి టోపీ కనుబొమ్మలదాకా లాగింది. బొట్టు అందులోకి పోయింది. అంతకుముందు ఆపరేషను గది బయట కూర్చుని కూర్చుని కాళ్ళు నీరు పట్టి వాచిపోతే, మెట్టెలు కొరుక్కుపోతున్నాయని ఆ పిల్లే సబ్బు రాసి ఊడదీసింది. కొంగున ముడి వేసుకున్నాను. అలా వెళ్ళి నిలబడ్డాను మంచం దగ్గర. ఆయన కళ్ళు మెల్లిగా తెరిచారు, పక్కకి తిప్పారు, నేలకేసి చూశారు. చాలాసేపు చూశారు. ఎన్నో రోజుల తరవాత మాట్లాడబోతున్నారని నేను ఒంగాను. గొంతు తగ్గించి, ఎంతో మెత్తగా, "కర్పూరం కావాలాండీ" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. తరవాత బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. మత్తు మందు ప్రభావం, తగ్గిపోతుందన్నారు. మత్తు దిగింది, మసక దిగలేదు. టోపీ తీసేసి బొట్టుతో ఎదురుగా కూర్చున్నాను, "ఏమండీ, నేనండీ, జగదాంబని" అన్నాను, ఆయన మొహంకేసి చూస్తేగా. పరాయి ఆడదాని మొహం చూడరు కదా. ఏ మంచి గుణమైనా చివరికిలా పగ పడుతుందని ఎవరనుకుంటారు. తల పక్కకి వాల్చి, నేల మీద నా ఉత్త పాదాలకేసి జాలిగా చూస్తూ, "మీవారు పోయి ఎన్నాళ్ళయిందండీ" అని అడిగారు. నువ్వే ఎదురుగా ఉండి నన్నే అడుగుతున్నావా నాయనా అని లోపల అనుకున్నాను. పైకి, "ఈమధ్యేనండి" అన్నాను. అలా ఎందుకన్నానో తెలియదు. అనగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమ పక్కకి తిరిగి, "బేబీ, ఈ అమ్మగారికి కర్పూరం ఒక పొట్లం కట్టు. డబ్బులొద్దని చెప్పు" అన్నారు.

బేబీ. ఆ పేరు మా ఇంట్లో వినపడి పదేళ్ళు దాటింది. దివిసీమ ఉప్పెనకి ముందు ఏడాది పోయింది అది. ఒక్కగానొక్క పిల్ల. మూడో తరగతి. పోయిన తరవాత ఆయన దాని పేరెత్తలేదు, ఏడవలేదు, పన్నెండో రోజు దాటగానే వెళ్ళి కొట్టు తీశారు. నేను ఏడిస్తే లేచి వీధరుగు మీదకి వెళ్ళేవారు. రాతిమనిషి అనుకున్నాను, మొహం మీదే అన్నాను చాలాసార్లు. ఇప్పుడు చూస్తే ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్ళూ ఆయన ఎడమ పక్కనే చాప మీద కూర్చుని ఉంది. రోజూ ఉన్నట్టుంది. నాకు చూపించలేదంతే.

ఇక నేను కర్పూరం కొనుక్కునే ఆవిడనైపోయాను. మొదట భయంగా అడిగాను, తరవాత ఆశగా అడిగాను. "పాపేం చేస్తోందండీ?" "పొట్లాలు కడుతోందండి. కాయితం కొసని రెండుసార్లు లోపలికి మడుస్తుందండి, గుండ కారదు. నాకు తనే నేర్పింది." "బళ్ళోకి వెళ్ళలేదాండీ?" "ఇవాళ ఎగ్గొట్టిందండి, వాళ్ళమ్మకి చెప్పకండి. జీళ్ళు కొనిపెట్టాను, ఇంటికెళ్ళి అన్నం తినకపోతే మా ఆవిడకి తెలిసిపోతుంది. దానికి నోరు పెద్దదండి." నోరు మూసుకుని విన్నాను. "నోరు పెద్దదే గానీ అది లేకపోతే నాకు మాటలెవరు చెప్తారండీ" అన్నారు, కర్పూరం గొంతుతో, ఎవరో ముండమోసినావిడకి నా గురించి. బేబి బడి ఎగ్గొట్టేదని నాకు తెలియదు. జీళ్ళ సంగతి తెలియదు. కుంకుమ వేలికి అద్దుకుని తక్కెడ పళ్ళానికి బొట్టు పెట్టేదని తెలియదు. నా పిల్ల గురించి నాకు తెలియనివి ఇంకా ఇన్ని మిగిలున్నాయా. పోయినపిల్ల గురించి కొత్త కబురు వినడమంటే ఏంటో ఎవరికి చెప్పినా అర్థం కాదు. పొద్దున్నే లేచి ఎప్పుడు కళ్ళు తెరుస్తారా, ఎప్పుడు పాపేం చేస్తోందని అడుగుదామా అని కాచుక్కూర్చునేదాన్ని. నన్ను గుర్తుపట్టకపోయినా ఫరవాలేదనిపించింది, దేవుడా, నిజంగా అనిపించింది.

కానీ ఆయన తినడం లేదు. కొట్టు దగ్గర మెతుకు ముట్టరు, ఎప్పుడూ అంతే, ఎంత పొద్దుపోయినా ఇంటికొచ్చి నేను పెడితేనే తినాలి. పరాయివాళ్ళు, అందులో పాపం దుఃఖంలో ఉన్నావిడ, పెడితే తింటారా. "వద్దండి, ఇంటికెళ్తానండి, మా ఆవిడ తినకుండా చూస్తుంటుంది" అని పెదాలు బిగించేస్తారు. ముక్కులో గొట్టం వేస్తే రెండుసార్లూ లాగేశారు. డొక్కలు తేలిపోయాయి, కుట్లు మానడం లేదు, సెలైనుతో ఎన్నాళ్ళని నడుస్తారు. డాక్టరు గారు రోజూ వెలుగు పెట్టడం అయ్యాక వచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు. మీ పేరేంటండి, ఎక్కడున్నారండి, ఈవిడెవరండి, పిల్లలెంతమందండి. పేరు సరిగ్గా చెప్తారు. ఎక్కడంటే కొట్టంటారు. నన్ను ఎవరో అమ్మగారంటారు. పిల్లలంటే మాత్రం మొహం వెలిగిపోతుంది. "ఒక్కత్తేనండి, బేబి." డాక్టరు గారు నాకేసి చూసి తల అడ్డంగా ఊపుతారు. ఆయన మెదడు బాగుపడిందో లేదో తేల్చడానికి వేసే ప్రశ్నే అది. బాగుపడితే ఏం జవాబు చెప్పాలో నాకు తెలుసు. నిన్న వసారాలోకి పిలిచి, "తినకపోతే కష్టమండి. రేపటి దాంతో కూడా మార్పు లేకపోతే నా చేతిలో ఇంకేమీ లేదు" అన్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్దామా అంటే, ఈ నీరసంలో ప్రయాణం తట్టుకోలేరన్నారు.

రైలు దాటిపోయింది. వెలుగు అలాగే ఉంది. ఎంతసేపయిందో. ఆయన వేళ్ళు మళ్ళీ కదులుతున్నాయి. "బేబీ, నెమ్మదిగా తల్లీ, తొందరేం లేదు." నవ్వారు. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూ తల వంచుకున్నాను, నా పాదాలు కనిపించాయి. ఎర్రగచ్చు మీద రెండూ తెల్లగా, వాచి, చిటికినవేలు పక్కదాని మీదకెక్కకుండా వాపులో కూరుకుపోయి. ఎవరివో పాదాల్లా ఉన్నాయి. నేనే గుర్తుపట్టలేదు. మెట్టెలు లేవు. పసుపు లేదు. వాపు. ఇంకేం చూసి గుర్తుపడతారు ఈ మనిషి. ఇన్నాళ్ళూ మొహం చూపించాను, పేరు చెప్పాను, పెళ్ళినాటి సంగతులు చెప్పాను, ఆయన జగదాంబని పాదాల్లో దాచుకున్నారని తెలిసుండీ ఆ సంగతే తట్టలేదు. వెలుగు పని చెయ్యడం లేదని ఎవరన్నారు, అది తన పని తను చేస్తూనే ఉందేమో. మెల్లిమెల్లిగా మసక విడుతూనే ఉందేమో. విడిన కళ్ళతో చూస్తే మాత్రం ఎదురుగా ఏముంది, పసుపు లేని పాదాలు.

సంచీలో పొట్లం ఉంది. అమ్మణ్ణి మొన్న తెచ్చింది, ఇంట్లో దేవుడిగూట్లో ఉన్నదే తీసుకెళ్ళి మాణిక్యాంబ పాదాల దగ్గర పెట్టించి తెచ్చింది. "మండలం నిండాక రాసుకో వదినా" అంది. తీశాను. ఆయన జబ్బుపడక ముందు ఆయన చేత్తో కట్టిన పొట్లం. కాయితం కొస రెండుసార్లు లోపలికి మడిచుంది.

బేబి మడత. పదేళ్ళనుంచీ రోజూ వందల పొట్లాలు ఆ మడతే మడిచారు, ఒక్కరికీ చెప్పకుండా. నేను రోజూ విప్పుకుని రాసుకున్నాను, ఒక్కరోజూ చూడలేదు.

విప్పితే ఏమవుతుంది. గుర్తుపడతారు. గుర్తుపడితే కొట్టులోంచి ఇంటికొస్తారు, ఇంట్లో బేబి లేదు. ఆ పిల్ల రెండోసారి పోతుంది, ఈసారి నా చేతిమీదుగా పోతుంది. మొదటిసారి కాకినాడ ఆస్పత్రిలో పోయింది, మెదడువాపు జ్వరం, మంచుగడ్డలు నెత్తిన పెట్టి కూర్చున్నాను, తెల్లారుతుంటే కళ్ళు తెరిచింది. వాళ్ళ నాన్న నేర్పారు దానికి, అరుగు ముందుకు ఎవరొచ్చినా అండీ అనాలని, పసుపు అమ్మేవాళ్ళ నోరు చల్లగా ఉండాలని. నాకేసి తేరిపార చూసి, ఎంతో మర్యాదగా, "మీరెవరండీ" అంది. అమ్మనే బంగారూ అన్నాను. నమ్మలేదు. "మా అమ్మ వస్తుందండి" అని కళ్ళు మూసుకుంది. అంతే. అప్పుడు ఏ వెలుగూ లేదు, ఏ డాక్టరూ ఏ ప్రయత్నమూ చెయ్యలేదు, మా అమ్మ వస్తుందండి అని నాతోనే చెప్పి నేను రాకుండానే వెళ్ళిపోయింది. ఆ మాట నేను ఆయనకి చెప్పలేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈయన. మా ఆవిడ చూస్తుంటుందండి అని నాతోనే చెప్పి, తినకుండా, నేను రాకుండానే ఈయన కూడా. ఒక్కసారి కడుపు చీరుకుపోయింది చాలదూ. ఈయన్ని అలా పోనివ్వను. బేబీ, నన్ను క్షమించు తల్లీ. నీ పక్కన ఇంకొన్నాళ్ళు కూర్చోనిద్దామనే ఉంది మీ నాన్నని, నాకూ ఆ అరుగు కింద నిలబడి నీ కబుర్లు వినాలనే ఉంది, మండలమైనా, మరో మండలమైనా. కానీ ఆయనకి ఆకలేస్తోంది తల్లీ. నీకు తెలుసు కదా, నేను పెడితేనే తింటారు.

మడత విప్పాను. స్టీలుగ్లాసులో నీళ్ళు అరచేతిలో ఒంపుకుని కలిపాను. ఆస్పత్రి వాసన మీద పసుపు వాసన లేచింది, పోపు లేక, పసుపు లేక ఇన్నాళ్ళూ ఎండిపోయిన ముక్కుకి అది మా ఇల్లంతా ఒక్కసారి వచ్చి మీద పడ్డట్టు తగిలింది. మడమ దగ్గర్నుంచి వేళ్ళదాకా రాసుకున్నాను, కుడిపాదం, ఎడమపాదం. సూత్రాలు రవికలోంచి పైకి తీసుకున్నాను. కొంగుముడి విప్పి మెట్టెలు తొడగబోతే ఎడమది ఎక్కలేదు, కుడిది నొక్కి నొక్కి ఎక్కించాను, ఆ నొక్కుడికి వేళ్ళు జరిగి చిటికినవేలు మళ్ళీ పక్కదాని మీదకెక్కింది. తలుపుదాకా వెళ్ళి, వీధిలోంచి వస్తున్నట్టు తిరిగి నడిచొచ్చి, మళ్ళీ కుడి పక్కనే, మంచానికి కాస్త దూరంగా, ఆయన చూపు పడే గచ్చు మీద నిలబడ్డాను. ఉలకలేదు, పలకలేదు.

వేళ్ళు ఆగాయి. తక్కెడ ఆగింది. కళ్ళు నా పాదాల మీదకొచ్చాయి, దాటి వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. మిషను ఝుమ్మంటోంది, స్టెబిలైజరు టక్కుమంది. కుడికాలి చిటికినవేలి దగ్గర చూపు నిలబడింది.

"ఎండనపడి ఎందుకొచ్చావు జగదా" అన్నారు.

కర్పూరం గొంతు కాదు. ఇంట్లో గొంతు, పొడిగా, విసుగ్గా, నాది. "అన్నం తెచ్చానండి" అన్నాను. ఆయన ఊఁ అన్నారు. మామూలుగా ఎడమ పక్కకి తిరిగారు, చెప్పడానికి, బేబీ, అమ్మొచ్చింది పద అని చెప్పడానికే అయ్యుంటుంది, నోరు తెరిచారు కూడా. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఎడమ చేత్తో దుప్పటి మీద తడిమారు, అటు కొంచెం, ఇటు కొంచెం. అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. ఆ చోట దుప్పటి ముడతలు ఒక్కొక్కటీ చదును చేశారు, ఎవరో లేచి వెళ్ళిన చాపని సర్దినట్టు. తరవాత ఆ చెయ్యి తీసి గుండెమీద పెట్టుకున్నారు.

డాక్టరు గారు వచ్చారు. సూది లాగేశారు, దూది అదిమారు, చర్మం లోపలి ఎరుపు పోయింది. ఆయన కళ్ళలోకి చూసి ఏదో తేడా కనిపెట్టినట్టున్నారు, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మీ పేరేంటండి?"

"కుక్కుటేశ్వరరావండి."

"ఎక్కడున్నారండి?"

గది చుట్టూ చూశారు. "ఆస్పత్రండి. ఏ ఊరో తెలీదండి."

"ఈవిడెవరండి?"

"మా ఆవిడండి."

డాక్టరు గారి మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయిపోయింది. నాకేసి చూసి నవ్వారు, అతని సంతోషం అతనిది, ఎంత కష్టపడ్డాడో నేను చూశాను. నాలుగో ప్రశ్న అడగొద్దు బాబూ అందామనుకున్నాను, చెయ్యి కూడా ఎత్తాను, అడిగేశారు. "పిల్లలెంతమందండి?"

ఆయన నాకేసి చూడలేదు. నా పాదాలకేసే చూశారు. పసుపు ఇంకా ఆరలేదు.

"లేరండి" అన్నారు.

"కరెక్టండి" అన్నారు డాక్టరు గారు, ఆనందంగా, ఆయన భుజం తట్టి. "అన్నీ కరెక్ట్. చూశారా జగదాంబ గారూ, వెలుగు పనిచేసింది. ఏమైనా తినిపించండిక, మెత్తగా." సత్యకుమారిని కేకేస్తూ వసారాలోకి వెళ్ళిపోయారు.

క్యారియరు మూత తీశాను. మజ్జిగన్నం మెత్తగా పిసికి ముద్ద నోటి దగ్గర పెడితే నోరు తెరిచారు. నమిలారు, మింగారు. రెండో ముద్దకి కళ్ళలోంచి కారడం మొదలైంది, చప్పుడు లేదు, కారుతూనే ఉంది, పదేళ్ళనుంచి ఎక్కడ దాచారో. కన్నీళ్ళు ముద్దలో పడుతున్నాయి. తుడవలేదు నేను, కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచేతికింకా పసుపుంది. ఇంకా పెట్టనా అని అడిగితే తలూపారు. ఆకలి మీదున్నారు, ఏడుస్తూనే తిన్నారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉన్నాను.